ఎవరి కోసం రాసిన కాగితం? పనిచోటి ప్రమాద నివేదికలు, గోప్యతా హక్కు: ఒక విమర్శ

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు ఈ కింది పనులు చేయగలగాలి.

• పనిచోట ప్రమాదం జరిగాక పుట్టే కాగితాలను, వాటిని ఎందుకు రాశారన్న దాన్ని బట్టి వేరు చేయడం.
• న్యాయవాదికీ కక్షిదారుకీ మధ్య ఉండే గోప్యతా హక్కు ఎంతవరకు వర్తిస్తుందో వివరించడం.
• 1979 నాటి ఇంగ్లండు తీర్పును, 2025 నాటి మన సుప్రీంకోర్టు తీర్పును విమర్శనాత్మకంగా పరిశీలించడం.
• నంద్యాల, ఆళ్లగడ్డ వంటి చోట్ల ఈ సూత్రాలు ఎక్కడ అక్కరకొస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో చెప్పడం.

1. పరిచయం

పనిచోట ఒక మనిషి గాయపడినా, ప్రాణం పోయినా ఆ రోజో మర్నాడో ఎవరో ఒకరు కాగితం మీద కలం పెడతారు. ఏ యంత్రం దగ్గర జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది, ఎవరు చూశారు, ముందు ఏమైంది, తర్వాత ఏమైంది అన్న వివరాలు రాస్తారు. ఆ తర్వాత నెలలకో ఏళ్లకో వివాదం కోర్టుకెక్కేసరికి యంత్రాన్ని బాగుచేసి ఉంటారు. నేల కడిగి ఉంటారు. చూసినవాళ్లు వేరే ఊరికి పనికి వెళ్లిపోయి ఉంటారు. అప్పటి మాట అప్పటిలాగే మిగిలి ఉండేది ఆ కాగితంలో మాత్రమే.

ఆ కాగితం యజమాని బీరువాలో ఉంటుంది. బాధితుడి భార్య వచ్చి చూపించమంటే, “అది మా వకీలు కోసం రాయించుకున్నది, చూపించం” అని యజమాని అనవచ్చా? కక్షిదారుకీ న్యాయవాదికీ మధ్య నడిచిన సంభాషణను బయటపెట్టమని ఎవరూ బలవంతం చేయకూడదన్నది పాత సూత్రం. న్యాయ పరిభాషలో దీన్ని ప్రివిలేజ్ అంటారు. ఈ పాఠంలో ‘గోప్యతా హక్కు’ అని వాడుతున్నాం. ఇంగ్లండులో ఈ వ్యవహారాలు చూసే న్యాయవాదులను సొలిసిటర్లంటారు. మన దగ్గర ఆ విభజన జిల్లా కోర్టుల్లో లేదు. మన వకీలు సలహా ఇస్తాడు, కోర్టులో వాదిస్తాడు కూడా.

ఈ పాఠం చెప్పదలచుకున్నది ఒక్కటే. కాగితాన్ని దాచుకునే హక్కుకు హద్దులు గీయడంలో న్యాయస్థానాలు చాలా శ్రమపడ్డాయి, ఆ శ్రమ ఫలించింది కూడా. కానీ ఆ ఫలం అందేది కాగితం ఉన్నవాళ్లకే. చట్టం ఎవరిచేత కాగితం రాయిస్తోంది, ఎవరిని రాయకుండా వదిలేస్తోంది అన్న ప్రశ్న అంతకన్నా ముందుది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా నలభై కిలోమీటర్ల దారిలోనే ఈ రెండు ప్రశ్నలూ మనకు ఎదురవుతాయి.

2. ఒక ప్రమాదం, నాలుగు కాగితాలు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. నంద్యాల పరిసరాల్లోని ఒక మిల్లులో కన్వేయర్ బెల్టులో ఒక కార్మికుడి చెయ్యి ఇరుక్కుంది. వారం తిరిగేసరికి ఆ సంఘటన చుట్టూ నాలుగు రకాల కాగితాలు ఉంటాయి.

మొదటిది ప్రమాదానికి ముందే ఉన్నది: షిఫ్టు రిజిస్టరు, యంత్రాల మరమ్మతు పుస్తకం, బెల్టు గార్డు కొన్న బిల్లు. రెండోది చట్టం అడిగినది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 88వ సెక్షన్ ప్రకారం, ప్రమాదంలో మరణం సంభవించినా, గాయపడిన వ్యక్తి 48 గంటలు లేదా అంతకుమించి పనికి రాలేకపోయినా మేనేజరు అధికారులకు నోటీసు పంపాల్సి ఉండేది. మరణం విషయంలో నోటీసు అందిన నెలలోపు అధికారి విచారణ జరపాల్సి ఉండేది. మూడోది కంపెనీ తనంతట తాను చేయించుకున్న అంతర్గత విచారణ నివేదిక. నాలుగోది కంపెనీ తన వకీలుకు రాసిన ఉత్తరం, వకీలు ఇచ్చిన సలహా.

నాలుగో కాగితానికి గోప్యతా హక్కు ఉందనడంలో ఎవరికీ పేచీ లేదు. మొదటిదానికి ఆ హక్కు లేదనడంలోనూ పేచీ లేదు. పాత రిజిస్టరును తీసుకెళ్లి వకీలు బల్ల మీద పెట్టినంత మాత్రాన అది రహస్యం అయిపోదు. రెండోది అధికారికి పంపినది, వకీలుకు చెప్పినది కాదు. కాబట్టి దానికీ ఈ హక్కు రాదు. అసలు పోరాటమంతా మూడో కాగితం దగ్గరే. జరిగినదంతా వివరంగా ఉండేది అందులోనే. అది ఎవరి కోసం రాసిందో తేలనిది కూడా అదే.

ఇది పుస్తకాల్లోని సమస్య మాత్రమే అనుకోకండి. 2020 జూన్ 27న నంద్యాలలోని ఎస్.పి.వై. ఆగ్రో ఇండస్ట్రీస్ కర్మాగారంలో అమ్మోనియా వాయువు లీకై ఒకరు మరణించారు. అంతకు ఏడు వారాల ముందు, మే 7న, విశాఖపట్నంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది చనిపోయారు. విశాఖ ఘటనపై రాష్ట్ర ప్రభుత్వం ఉన్నతస్థాయి కమిటీని వేసింది. ఆ కమిటీ 2020 జూలై 6న నివేదిక ఇచ్చింది, దాన్ని ప్రజల ముందు పెట్టారు. ట్యాంకులో ఉష్ణోగ్రత అదుపు తప్పడం నుంచి నిర్వహణ లోపాల దాకా కారణాలన్నీ అందులో ఉన్నాయి. ఊరంతా కదిలిపోయిన ప్రమాదానికి అలాంటి బహిరంగ నివేదిక వస్తుంది. ఒక్క మనిషి చెయ్యి పోయిన ప్రమాదానికి కమిటీలు వేయరు. అక్కడ కంపెనీ రాసుకున్న కాగితమే మిగులుతుంది.

3. నివేదిక భాషను చదవడం

హక్కుల చర్చలోకి వెళ్లేముందు ఆ మూడో కాగితం ఎలా రాస్తారో గమనించాలి. ఇలాంటి నివేదికల్లో తరచు కనిపించే వాక్యాల తీరు చూడండి: “ప్రమాదవశాత్తు చెయ్యి బెల్టులో పడినది.” “గార్డు తొలగించబడి ఉన్నది.” “కార్మికుడు తగు జాగ్రత్త వహించలేదు.”

మొదటి వాక్యంలో చెయ్యి కర్త. అది తనంతట తానే వెళ్లి పడిందన్నట్టుంది. రెండో వాక్యంలో కర్తే లేడు. గార్డును తొలగించినది ఎవరు? కార్మికుడా, మరమ్మతుకు వచ్చిన ఫిట్టరా, ఉత్పత్తి ఆగకూడదని సూపర్‌వైజరా? వాక్యం చెప్పదు. మూడో వాక్యానికి వచ్చేసరికి మాత్రం కర్త స్పష్టంగా ప్రత్యక్షమవుతాడు: కార్మికుడు. కర్మణి ప్రయోగం తెలుగు సంభాషణలో అరుదు. అది ఎక్కువగా కనిపించేది ఇలాంటి కార్యాలయ పత్రాల్లోనే. అది అక్కడ ఏ పని చేస్తోందో విమర్శకుడు అడగాలి.

ఇది వ్యాకరణ చమత్కారం కోసం చెబుతున్నది కాదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 3వ సెక్షన్ కింద పనివల్ల, పనిలో ఉండగా జరిగిన ప్రమాదానికి యజమాని తప్పు రుజువు చేయకపోయినా పరిహారం వచ్చేది. కానీ మరణంగానీ శాశ్వత సంపూర్ణ వైకల్యంగానీ కాని గాయాల్లో యజమానికి మూడు మినహాయింపులుండేవి: కార్మికుడు మత్తులో ఉండటం, భద్రత కోసం పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తొలగించడం. అంటే “గార్డు తొలగించబడి ఉన్నది” అన్న వాక్యంలో ఖాళీగా వదిలేసిన కర్త స్థానంలో ఎవరి పేరు చేరుతుందో, ఆ ఒక్క పేరు మీద చెయ్యి పోగొట్టుకున్నవాడి పరిహారం ఆధారపడవచ్చు. ఆ ఖాళీని పూరించే సాక్షుల మాటలు అంతర్గత నివేదికకు జతచేసిన వాంగ్మూలాల్లో ఉంటాయి. అందుకే కుటుంబం దాన్ని అడుగుతుంది. అందుకే కంపెనీ దాచాలనుకుంటుంది.

4. 1979 నాటి తీర్పు

ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కువగా ఉదహరించే జవాబు ఇంగ్లండు ప్రభువుల సభ 1979లో ఇచ్చిన ‘వా వర్సెస్ బ్రిటిష్ రైల్వేస్ బోర్డ్’ తీర్పు. అప్పట్లో ఆ సభే అక్కడి అత్యున్నత న్యాయస్థానం.

రెండు రైలింజన్లు ఢీకొని రైల్వే ఉద్యోగి ఒకరు చనిపోయారు. ఆయన భార్య బోర్డు మీద దావా వేశారు. ప్రమాదం జరిగిన వెంటనే బోర్డు తన అధికారులచేత అంతర్గత విచారణ చేయించి, సాక్షుల మాటలతో సహా నివేదిక తయారు చేయించింది. ఆమె దాన్ని చూపించమన్నారు. నివేదిక పైభాగంలోనే అది బోర్డు సొలిసిటరు సమాచారం కోసమని రాసి ఉంది. ఆ శీర్షికను ఆధారం చేసుకుని బోర్డు నిరాకరించింది. అయితే బోర్డు తరఫు ప్రమాణపత్రం ఒక విషయం ఒప్పుకుంది: నివేదికకు రెండు ప్రయోజనాలున్నాయి. ప్రమాద కారణం కనిపెట్టి మళ్లీ జరగకుండా చూడటం ఒకటి, రాబోయే దావాలో సలహాకు పనికిరావడం రెండోది.

అప్పీలు కోర్టులో మెజారిటీ బోర్డు పక్షాన నిలిచింది. లార్డ్ డెన్నింగ్ ఒక్కరే విభేదించారు. ప్రభువుల సభ ఆ మెజారిటీ నిర్ణయాన్ని తిరగదోడింది. దావా కోసం తయారవడమన్నది నివేదికకు ప్రధాన ప్రయోజనమైతేనే దాచుకోవచ్చని, రెండు ప్రయోజనాలూ సమానమైతే దాచుకునే వీల్లేదని తేల్చింది. దీన్నే ‘ప్రధాన ప్రయోజన పరీక్ష’ అంటారు. కాగితం మీద ముద్రించిన శీర్షిక తీర్పరి కాదు, ఆ కాగితం పుట్టడానికి కారణమైన అవసరమే తీర్పరి.

ఈ పరీక్ష రూపం ఆస్ట్రేలియాలో అంతకు మూడేళ్ల ముందు వచ్చిన ‘గ్రాంట్ వర్సెస్ డౌన్స్’ కేసు నుంచి వచ్చింది. అక్కడి హైకోర్టు 1976లో మరింత కఠినమైన కొలత పెట్టింది. దావా కోసం రాయడమే ఏకైక ప్రయోజనమైతేనే రక్షణ ఉంటుందన్నది. ప్రధాన న్యాయమూర్తి బార్విక్ విభేదిస్తూ ‘ప్రధాన ప్రయోజనం’ చాలన్నారు. ఇంగ్లండు బార్విక్ మాటను తీసుకుంది. 1999లో ఆస్ట్రేలియా కూడా ‘ఏకైక ప్రయోజనం’ వదిలి ‘ప్రధాన ప్రయోజనం’ వైపు వచ్చింది.

5. తీర్పు బలం, బలహీనత

ఈ తీర్పు బలం మూడు మాటల్లో చెప్పవచ్చు. ముద్ర చూసి మోసపోలేదు. భద్రత కోసం చేసే విచారణ సమాజానికి అవసరమని గుర్తించింది. బాధితురాలు న్యాయం పొందడానికి ఆ కాగితమే దగ్గరి సాక్ష్యమని ఒప్పుకుంది.

బలహీనత కూడా అక్కడే ఉంది. ప్రయోజనమన్నది రాసినవాడి మనసులో ఉండేది. దాన్ని కోర్టుకు చెప్పేది ఆ రాయించినవాడే. బ్రిటిష్ రైల్వేస్ ప్రమాణపత్రం నిజాయితీగా రెండు ప్రయోజనాలూ ఒప్పుకోబట్టి ఆమె గెలిచారు. తర్వాతి కంపెనీలు ఆ తీర్పు చదివాయి. ప్రమాదం జరిగిన గంటలోనే వకీలుకు ఫోన్ చేసి, ఆయన పేరుతోనే విచారణ మొదలుపెట్టి, “దావా తప్ప మరే ఉద్దేశం లేదు” అని రాసుకుంటే సరిపోతుందన్న పాఠం కూడా అందులోంచి తీసుకోవచ్చు. ప్రమాద కారణం తెలుసుకోవాలన్న ఆత్రుత ఎంత తక్కువగా ఉంటే గోప్యత అంత గట్టిపడుతుంది! భద్రతను పట్టించుకున్న యజమాని కాగితం బయటపడాలి, పట్టించుకోని యజమాని కాగితం లోపలే ఉండాలి అన్న విపరీతానికి ఈ పరీక్ష చోటిస్తుంది. ‘ఏకైక ప్రయోజనం’ అన్న ఆస్ట్రేలియా పాత కొలతలో ఈ సందు ఇంకా ఇరుకు. దాన్ని వదిలేయడం బాధితుల వైపు నుంచి చూస్తే నష్టమే.

దీనికి విరుగుడు కోర్టు చేతిలో ఉంది. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరు 19వ రూలు ప్రకారం, ఒక పత్రానికి గోప్యతా హక్కు ఉందని ఎవరైనా అంటే ఆ మాట నిజమో కాదో తేల్చడానికి జడ్జి స్వయంగా ఆ పత్రాన్ని తెప్పించుకుని చూడవచ్చు. ప్రమాణపత్రం ఏమంటోందన్నది పక్కనపెట్టి, ఆ కాగితం ఏ ఫారం మీద రాశారో, ఎవరెవరికి నకళ్లు పంపారో, చివర సిఫార్సులు ఉన్నాయో లేవో చూడవచ్చు. నివేదిక చివర “ఇకముందు బెల్టు గార్డును వారానికోసారి తనిఖీ చేయాలి” అని ఉంటే, అది వకీలు కోసం రాసిందని ఎవరూ నమ్మరు. ఇలా చూడమని జడ్జిని అడగడం బాధితుడి న్యాయవాది బాధ్యత.

6. మన చట్టంలో ఈ హక్కు

1872 నాటి సాక్ష్య చట్టంలో ఈ విషయం 126 నుంచి 129 దాకా సెక్షన్లలో ఉండేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అవి 132 నుంచి 134 దాకా సెక్షన్లయ్యాయి. 132వ సెక్షన్ న్యాయవాది నోరు కట్టేస్తుంది: వృత్తిరీత్యా తనతో కక్షిదారు చెప్పినదాన్ని కక్షిదారు అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. చట్టవిరుద్ధమైన ఉద్దేశం కోసం చెప్పిన మాటకు, పని ఒప్పుకున్న తర్వాత జరిగిన నేరం లేదా మోసం న్యాయవాది కంటపడితే దానికి ఈ రక్షణ లేదు. 134వ సెక్షన్ కక్షిదారును కాపాడుతుంది: తన న్యాయ సలహాదారుతో జరిపిన రహస్య సంభాషణను కోర్టుకు చెప్పమని అతన్ని బలవంతం చేయకూడదు.

జాగ్రత్తగా చదివితే ఈ సెక్షన్లు సంభాషణను కాపాడుతున్నాయి, సంఘటనను కాదు. “బెల్టుకు గార్డు లేదు” అని మేనేజరు వకీలుతో చెప్పాడన్నది రహస్యం కావచ్చు. బెల్టుకు గార్డు లేదన్న వాస్తవం రహస్యం కాదు. దాన్ని చూసిన తోటి కార్మికుడు సాక్ష్యం చెప్పవచ్చు. మరమ్మతు పుస్తకం చెప్పవచ్చు. ఇన్‌స్పెక్టరు తనిఖీ నివేదిక చెప్పవచ్చు.

దావా వస్తుందన్న అంచనాతో తయారైన పత్రాల సంగతి మన సెక్షన్లలో విడిగా లేదు. ఆ లోటును కోర్టులు వ్యాఖ్యానంతో పూరించాయి. అలా పూరించేటప్పుడు 1979 నాటి తీర్పు దారి చూపగలదు గానీ మన కోర్టులను కట్టిపడేయదు.

ఇటీవలి వృత్తి వార్తల్లో న్యాయవాదులు ఎక్కువగా చర్చించినది 2025 అక్టోబరు 31 నాటి సుప్రీంకోర్టు తీర్పు. కక్షిదారులకు సలహా ఇచ్చిన న్యాయవాదులను దర్యాప్తు సంస్థలు విచారణకు పిలుస్తున్న నేపథ్యంలో కోర్టు తనంతట తాను ఈ విషయం చేపట్టింది. 132వ సెక్షన్లోని మినహాయింపుల పరిధిలోకి వస్తే తప్ప, అదీ పై అధికారి ఆమోదంతో తప్ప, కక్షిదారు వివరాల కోసం న్యాయవాదికి సమన్లు పంపకూడదని చెప్పింది. న్యాయవాదులు దీన్ని తమ విజయంగా స్వాగతించారు. అందులో న్యాయముంది. సలహా అడిగితే ముప్పు వస్తుందని భయపడే కక్షిదారు నిజం చెప్పడు.

మన పాఠానికి అంతకన్నా ముఖ్యమైన భాగం అదే తీర్పులో ఉంది. కంపెనీలో జీతానికి పనిచేసే లా ఆఫీసరు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే న్యాయవాది కాడు కాబట్టి 132వ సెక్షన్ రక్షణ ఆయనకు వర్తించదని కోర్టు స్పష్టం చేసింది. 134వ సెక్షన్ కింద కొంత రక్షణ ఉన్నా, యజమానికీ ఆ ఆఫీసరుకీ మధ్య జరిగిన సంభాషణకు అది రాదని చెప్పింది. మన మిల్లు ఉదాహరణకు తిరిగి రండి. అంతర్గత నివేదికను కంపెనీ లా ఆఫీసరుకు పంపి, దానిమీద ‘రహస్యం’ అని ముద్ర వేస్తే ఇక సరిపోదు. వార్తల శీర్షికల్లో న్యాయవాదుల గెలుపే కనిపించింది. గాయపడిన కార్మికుడికి మేలు చేసే వాక్యం మాత్రం లోపలి పేజీల్లో ఉంది.

7. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు

ఇప్పటిదాకా మాట్లాడినదంతా కాగితం ఉన్నచోటి సంగతి. ఆళ్లగడ్డకు వస్తే పరిస్థితి మారుతుంది.

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఒకప్పుడు ఉలి, సుత్తితోనే సాగిన పనిలోకి ఇప్పుడు కరెంటు కట్టర్లు, గ్రైండర్లు వచ్చాయి. పని వేగం పెరిగింది. దాంతో దుమ్మూ పెరిగింది. గ్రానైటు వంటి రాళ్లలో సిలికా ఉంటుంది. దాన్ని పొడిగా కోస్తే వచ్చే సన్నటి ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే వ్యాధికి దారితీస్తుంది. అది నయమయ్యేది కాదు. దీనికితోడు తెగిన డిస్కు ముక్క కంటికి తగలడం, రాయి జారి కాలిమీద పడటం వంటి ప్రమాదాలు ఈ వృత్తిలో ఎప్పుడూ పొంచి ఉండేవే.

పాత కర్మాగారాల చట్టం యంత్రశక్తి వాడేచోట పదిమంది, వాడనిచోట ఇరవై మంది పనిచేస్తేనే వర్తించేది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కర్మాగారం నిర్వచనంలో ఆ సంఖ్యలను ఇరవైకీ నలభైకీ పెంచింది. ‘సంస్థ’ అన్న విస్తృతమైన నిర్వచనానికి పదిమంది కావాలి. నలుగురైదుగురు కలిసి చెక్కుకునే షెడ్డు ఈ లెక్కల్లో దేనికిందకీ రాదు. అక్కడ ప్రమాదం జరిగితే నోటీసు పంపాల్సిన మేనేజరు ఉండడు. విచారణ చేయాల్సిన అధికారి రాడు. సిలికోసిస్ చట్టప్రకారం అధికారులకు తెలియజేయాల్సిన వ్యాధే. కానీ ఆ నిబంధన కూడా చట్టం పరిధిలోకి వచ్చే చోట్లకే. దాచడానికి కాగితమే లేనిచోట గోప్యతా హక్కు గురించి ఎంత మంచి తీర్పు వచ్చినా ఎవరికి ఉపయోగం?

అయితే ఇక్కడ ఒక దారి ఉంది. దాన్ని విద్యార్థులు తప్పక గుర్తుంచుకోవాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం యంత్రశక్తితో తయారీ పని జరిగే చోటికి కార్మికుల సంఖ్యతో నిమిత్తం లేకుండా వర్తించేది. దాని 10-ఏ సెక్షన్ ప్రకారం, పనిలో ప్రమాదంవల్ల ఉద్యోగి మరణించాడని కమిషనర్‌కు ఏ మార్గంలో తెలిసినా చాలు, యజమానికి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపే వీలుండేది. ఆ మరణం ఏ పరిస్థితుల్లో జరిగిందో, పరిహారం జమచేసే బాధ్యత తనకు ఉందో లేదో, లేదంటే ఎందుకు లేదో యజమాని ముప్పై రోజుల్లో రాసి ఇవ్వాల్సి ఉండేది. ‘ఏ మార్గంలో తెలిసినా’ అన్న మాటకు విలువివ్వండి. మృతుడి భార్య రాసిన మామూలు అర్జీ కూడా ఆ మార్గమే. కొత్త సామాజిక భద్రత కోడ్‌లోని పరిహార అధ్యాయం కూడా ఇలాంటి అధికారాన్ని నిలబెట్టింది.

ఇక్కడ చట్టం దాచిన కాగితాన్ని వెతకడం లేదు, లేని కాగితాన్ని రాయిస్తోంది. అది కమిషనర్ కోసం రాసినది కాబట్టి ‘వకీలు కోసం’ అనే వాదనకు చోటే లేదు. దాని విలువెంతో లెక్కలో చూడండి. మరణించిన ఉద్యోగి వయసు ముప్పై, నెల జీతం 15,000 రూపాయలు అనుకుందాం. ఆ చట్టం కింద లెక్కకు 2020లో నిర్ణయించిన గరిష్ఠ జీతం అదే. అందులో సగం 7,500. దాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 207.98 అనే గుణకంతో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. ఒక అర్జీ, దానికి వచ్చే ఒక జవాబు ఆ కుటుంబానికి ఇంత మొత్తానికి తలుపు తెరవగలవు.

దీని లోపం కూడా చెప్పాలి. 10-ఏ మరణాలకే పరిమితం. కన్ను పోయినవాడికి, ఊపిరితిత్తులు చెడినవాడికి ఇది పనికిరాదు. పైగా ఆ కన్ను పోయినవాడు యజమాని బంధువో, రోజువారీ బేరానికి చెక్కేవాడో అయితే ‘ఉద్యోగి’ అనే మాట దగ్గరే వివాదం మొదలవుతుంది. అతిచిన్న చోట్లకు చట్టాన్ని విస్తరించే అధికారం ప్రభుత్వానికి పాత చట్టంలోని 85వ సెక్షన్ ఇచ్చింది. ప్రాణాపాయకరమైన పనుల్లో ఒక్క కార్మికుడున్నా కోడ్‌ను వర్తింపజేసే వీలు ఇప్పుడూ ఉంది. రాతి పొడి ఎగిరే షెడ్లకు ఆ అధికారాన్ని వాడటం ఆళ్లగడ్డలాంటి చోట ఏ తీర్పుకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

8. అవతలి వాదన

గోప్యతను సమర్థించేవారి వాదన తేలికగా తోసేయదగింది కాదు. నివేదిక రేపు కోర్టుకెక్కుతుందని తెలిస్తే ఏ ఫిట్టరూ “గార్డు నేనే తీశాను” అని చెప్పడు. ఏ సూపర్‌వైజరూ “బెల్టు ఆపొద్దని నేనే అన్నాను” అని ఒప్పుకోడు. నిజం బయటికి రాకపోతే తర్వాతి ప్రమాదం ఆగదు. కాబట్టి దాపరికమే భద్రతకు మేలు అంటారు.

ఈ భయం నిజమే. అయితే దానికి మందు వకీలు ముసుగు కాదు. విమానయానంలో అంతర్జాతీయ నియమావళి ప్రమాద దర్యాప్తు లక్ష్యం నివారణే తప్ప నింద మోపడం కాదని చెబుతుంది. ఆ దర్యాప్తును శిక్షల ప్రక్రియ నుంచి వేరుగా ఉంచుతుంది, తుది నివేదికను మాత్రం అందరి ముందూ పెడుతుంది. మన రైల్వేల్లో పెద్ద ప్రమాదాలను విచారించే రైల్వే భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద కాకుండా పౌర విమానయాన శాఖ కింద ఉండటానికి కారణం ఇదే: రైలు నడిపేవాడే రైలు ప్రమాదానికి తీర్పరి కాకూడదు. ఈ రెండు ఏర్పాట్లలోనూ చెప్పినవాడికి కొంత రక్షణ ఉంది, చెప్పిన విషయానికి వెలుగూ ఉంది. వకీలు కోసమని రాసిన నివేదికలో ఇది తలకిందులవుతుంది. ఫిట్టరు చెప్పిన మాట కంపెనీ చేతిలో ఉంటుంది. దాన్ని చూపించాలా వద్దా అన్నది కంపెనీ లాభనష్టాలను బట్టి తేలుతుంది. ఆ గోప్యత ఫిట్టరుది కాదు, యజమానిది. రేపు ఆ ఫిట్టరునే ఉద్యోగంలోంచి తీయాలనుకుంటే అదే కాగితాన్ని కంపెనీ తీరిగ్గా బయటికి తీస్తుంది.

9. సారాంశం

పనిచోటి ప్రమాదం తర్వాత పుట్టే కాగితాలు ఒకే రకమైనవి కావు. ముందే ఉన్న రిజిస్టర్లకు, చట్టం అడిగిన నోటీసులకు గోప్యతా హక్కు లేదు. వకీలుతో జరిపిన సంభాషణకు ఉంది. వివాదమంతా అంతర్గత నివేదిక గురించి. 1979 నాటి తీర్పు దాని ప్రధాన ప్రయోజనం చూడమంది. ఆ కొలత మంచిదే అయినా రాయించినవాడి మాట మీద ఆధారపడుతుంది కనుక, జడ్జి స్వయంగా పత్రాన్ని చూడటం అవసరం. 2025 నాటి సుప్రీంకోర్టు తీర్పు న్యాయవాదుల స్వేచ్ఛను కాపాడుతూనే కంపెనీ లా ఆఫీసరును ఆ గొడుగు బయట నిలబెట్టింది. ఈ సూత్రాలన్నీ కాగితం రాసే బాధ్యత ఉన్న నంద్యాల మిల్లు కార్మికుడికి అక్కరకొస్తాయి. ఆ బాధ్యత లేని ఆళ్లగడ్డ షెడ్డులో పనిచేసేవాడికి ముందుగా కావాల్సింది అతని గాయాన్ని ఎవరో ఒకరు రాసి తీరాలన్న నియమం. ఒక చట్టాన్ని విమర్శించేటప్పుడు అది ఎవరికి ఏ హక్కు ఇచ్చిందన్నది చూస్తాం. దాని గుమ్మం దాకా రాలేనివాళ్లు ఎవరో కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

10. మాదిరి ప్రశ్నలు

వ్యాసరూప ప్రశ్నలు

1. ‘ప్రధాన ప్రయోజన పరీక్ష’ను వివరించి, ‘ఏకైక ప్రయోజన పరీక్ష’తో పోల్చండి. బాధితుల దృష్టితో ఏది మేలో మీ అభిప్రాయం రాయండి.
2. గోప్యతా హక్కు చర్చ చిన్న పనిచోట్ల కార్మికులకు ఎందుకు అక్కరకు రావడం లేదో ఆళ్లగడ్డ శిల్పుల ఉదాహరణతో చర్చించండి.

సంగ్రహ ప్రశ్నలు

1. కంపెనీ లా ఆఫీసరు విషయంలో 2025 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఏం చెప్పింది?
2. ఉద్యోగుల పరిహార చట్టం 10-ఏ సెక్షన్ ప్రాముఖ్యం ఏమిటి?
3. “గార్డు తొలగించబడి ఉన్నది” అన్న వాక్యాన్ని మూడు రకాల కర్తలతో కర్తరి ప్రయోగంలోకి మార్చండి. ఒక్కో రూపం పరిహారంపై ఏ ప్రభావం చూపుతుందో రాయండి.